పక్క సాలు

ఫిబ్రవరిలో తెల్లవారి ఏడింటికల్లా మిరప చేను గట్టు మీద నిలబడితే ఏటా కంటబడే సంగతే ఒకటి ఈ ఏడు నన్ను పట్టుకుని వదలడం లేదు. కర్నూలు పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్ళనుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతలకి మా వైపు వస్తాయి. వాళ్ళు దాన్ని సుగ్గి అంటారు. ఊరి బయట పట్టాలతో గుడిసెలు వేసుకుని, కోతలు అయ్యేదాకా ఉండి వెళ్తారు. ఆ రోజు ట్రాక్టరు దిగారు. చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, తలలకి గుడ్డలు చుట్టుకుంటున్నారు. మేస్త్రి ఇంకా నోరు విప్పలేదు. ఆ కాసేపట్లోనే ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తేలిపోయింది. ఒక్కొక్కరు ఒక్కొక్క సాలు తల దగ్గర నిలబడ్డారు, అక్కచెల్లెళ్ళు పక్కపక్కన, వియ్యపురాళ్ళు కాస్త ఎడంగా. ఒక పిల్ల మాత్రం మిగిలింది. కొత్తగా కాపురానికి వచ్చినట్టుంది, మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. నవ్వుమొహంతో ఒకామె చెయ్యి ఊపి రమ్మని పిలిచింది. పిల్ల రెండడుగులు అటు వేసి ఆగింది. వరస అంతా ఒకసారి చూసి, ఆ చివర ఎవరినీ పట్టించుకోకుండా నడుముకి సంచి బిగించుకుంటున్న సన్నటి మనిషి పక్క సాలులో పోయి నిలబడింది. ఆవిడ ఆ పిల్లని పిలవలేదు. వచ్చాక కూడా తల తిప్పి చూడలేదు. పిలిచిన మనిషిని కాదని పిలవని మనిషి పక్కన ఎందుకు నిలబడినట్టు?

ఇంత చిన్న సంగతి మనసులో ఉండిపోవడానికి కారణం ఆ రాత్రి వచ్చిన ఫోను. మా చిన్నమ్మాయి హైదరాబాదులో కొత్త కంపెనీలో చేరి అప్పటికి నాలుగు రోజులు. గచ్చిబౌలిలో తొమ్మిదో అంతస్తు. కొత్తగా చేరినవాళ్ళకి అక్కడి పద్ధతులు చెప్పడానికి పాతవాళ్ళలో ఒకరిని తోడు ఇస్తారట, ఆ మనిషిని ‘బడ్డీ’ అంటారట. వీళ్ళ విభాగంలో ఇద్దరి పేర్లు చెప్పి, వారంలోగా ఒకరిని ఎంచుకోమన్నారట. “ఒకామె చాలా మంచిదమ్మా, మెసేజి పెట్టిన నిమిషంలో జవాబు ఇస్తుంది. క్యాంటీనుకి తీసుకెళ్ళింది, ఎవరు ఎలాంటివాళ్ళో అంతా చెప్పింది. రెండో ఆవిడ సాయంత్రానికి గానీ జవాబు ఇవ్వదు. ఇచ్చినా రెండు ముక్కలే. ఎవరిని తీసుకోమంటావు?” అని అడిగింది. అడిగిన తీరులోనే జవాబు ఉంది. మొదటి ఆమెనే తీసుకోమని నేను అనాలి, అది తేలిక పడాలి. ఎందుకో నా నోట మాట రాలేదు. రెండు రోజులు ఆగమన్నాను. ఆగి ఏం చూడాలో మాత్రం చెప్పలేకపోయాను. ముప్ఫై ఏళ్ళకి పైగా ఉద్యోగం చేసి వచ్చినదాన్ని, కన్నకూతురికి ఈ మాత్రం చెప్పలేనా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఊళ్ళలో బడ్డీ అంటే మనిషి కాదు, కొట్టు. బస్టాండు మూల నాలుగు కర్రల మీద రేకు వేసి, బీడీలు, సోడాలు, అరటిపళ్ళు అమ్మే బడ్డీ కొట్టు. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడు మొదట దారి అడిగేది అక్కడే. ఆలోచిస్తే రెండు మాటలకీ మరీ అంత దూరం లేదేమో. అయితే బడ్డీ కొట్టువాడు దారి చెప్పి ఊరుకుంటాడు. ఫలానా వీధికి వెళ్ళొద్దు, ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు కారు అని చెప్పడు. అలా చెప్పేవాడు తగిలితే, మనం ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ వీధి మొహం చూడం. నా మొదటి ఉద్యోగంలో జరిగింది అదే.

1989లో ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాను. పర్చూరుకి మరీ దూరం కాని చిన్న పట్నం. మా తాత కాలంలో గుంటూరు జిల్లా, నేను ఉద్యోగంలో చేరేనాటికి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. బోర్డులు మారాయి గానీ ఆ నల్లరేగడి చేలు, వాటి మీది అప్పులు మారలేదు. నేను చేరిన రోజుల్లో పత్తి దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. 1987-88లో తెల్లదోమ కమ్ముకుని, కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టి, పురుగు చావక, పంట చేతికి రాక, గుంటూరు ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది అది. పురుగుకి కొట్టాల్సిన మందే తాము తాగారు. ఏడాది గడిచినా కౌంటరు ముందుకి వచ్చే రైతుల్లో సగం మంది మన మొహంలోకి చూసేవాళ్ళు కాదు. ఆ మనుషుల మధ్య, ఇరవై మూడేళ్ళ పిల్లని, ఏ ఫారం ఎక్కడుంటుందో తెలియక, తెలియదని చెప్పడానికి సిగ్గుపడుతూ, రెండు జడల్ని ఒక జడగా మార్చుకుని కూర్చున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి తన టిఫిన్ గిన్నె మూత తీసింది మా టైపిస్టు. నా ఈడుది. నాకంటే నాలుగేళ్ళు ముందు చేరింది. గోంగూర పచ్చడి, పెరుగన్నం. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఎందుకంటే పొద్దుటినుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆమె. అన్నం తింటూ ఆఫీసు మొత్తం నా కళ్ళ ముందు పరిచింది. మేనేజరు గారికి ఎప్పుడు కోపం వస్తుందో, ఫీల్డాఫీసరు ఎవరి మనిషో, ఎవరి దగ్గర నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలో. “అందరికంటే ఆ హెడ్ క్యాషియరుతో జాగ్రత్త. అనుమానపు మనిషి. కన్న తల్లి లెక్కపెట్టిచ్చినా మళ్ళీ లెక్కపెట్టుకుంటాడు” అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. చెడ్డ మనసుతోనూ చెప్పలేదు. నాలుగేళ్ళుగా ఆ మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడపిల్లగా ఉన్న మనిషి, మాట్లాడుకోవడానికి ఒకరు దొరికారని నాకన్నా ఎక్కువ సంతోషపడింది. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. కొత్తచోట మొదట దగ్గరైనవాళ్ళు మనకి తమ స్నేహంతో పాటు తమ పగలు, అలసటలు కూడా ఇస్తారు. వద్దనలేం, అప్పటికి మన దగ్గర ఇంకేమీ ఉండదు మరి.

క్యాషియరు గారు సరిగ్గా ఆమె చెప్పినట్టే ఉన్నారు. నేను వంద నోట్లు లెక్కపెట్టి, పిన్ను కొట్టి, చీటీ అతికించి, నా పొట్టి సంతకం పెట్టి ఇస్తే, ఆ కట్టని నా ఎదురుగానే బొటనవేలు తడుపుకుని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేవారు. నా చెవులు వేడెక్కేవి. రోజూ, ప్రతి కట్టా. లెక్కపెట్టడం అయ్యాక నా సంతకం కింద ఆయన కూడా సంతకం పెట్టి పెట్టెలో వేసేవారు. ఒక్క మాట ఉండేది కాదు. చూశావా అన్నట్టు టైపిస్టు నా వైపు చూసేది. ఆర్నెల్లు ఆయన్ని నేను ఆ చూపుతోనే చూశాను. నా కళ్ళు నా దగ్గర లేవు, ఆమెకి ఇచ్చేశానని ఎలా తెలుస్తుంది?

1990లో పదివేల దాకా రైతుల బాకీలు రద్దు చేసే పథకం వచ్చింది. బ్రాంచి నిండా జనం, జాబితాలు, అర్ధరాత్రి దాకా పని. ఆ హడావుడిలోనే ఒక రోజు, పెద్ద బ్రాంచికి పంపిన డబ్బులో ఒక కట్టలో వంద రూపాయల నోటు ఒకటి తగ్గిందని కాగితం వచ్చింది. కట్ట చీటీ కూడా జతచేసి పంపారు. నా చేతివ్రాత. నా సంతకం. నా కాళ్ళు వణికాయి. వంద రూపాయల కోసం కాదు, సర్వీసు ఇంకా ఖాయం కాలేదు. క్యాషియరు గారు ఆ కాగితం చదివి, చొక్కా జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి బల్ల మీద పెట్టారు. “నువ్వొక యాభై తియ్యమ్మాయ్” అన్నారు. తప్పు నాది కదా, మీరెందుకండీ అన్నాను. ఆ చీటీ నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించారు. “ఇద్దరం ఉన్నాం కదమ్మా. నేనూ లెక్కపెట్టాను, నాకూ కనపడలేదు” అన్నారు. అంతే. డబ్బు కట్టించి, ఆయన పనిలో ఆయన పడ్డారు. ఆయన అనుమానంతో లెక్కపెడుతున్నారని ఆర్నెల్లు అనుకున్నాను. నిజానికి కొత్తగా వచ్చిన పిల్ల పేరు కింద రోజూ తన పేరు రాస్తున్నారు. లెక్కపెట్టకుండా సంతకం పెట్టలేరు కాబట్టి లెక్కపెడుతున్నారు.

మా తాత ఎద్దుల్ని మచ్చిక చేయడం అప్పుడు గుర్తుకొచ్చింది. కొత్త కోడెని కాడికి అలవాటు చేసేటప్పుడు ఇంకో కోడెతో జత కట్టడు. ఎన్నో కార్తెలు దున్నిన పాత ఎద్దుని దాపట పెట్టి, దీన్ని వలపట కడతాడు. చిన్నప్పుడు నాకు వింతగా కనిపించింది తాడు కట్టే చోటు. కాడికి సరిగ్గా నడుమ కట్టాల్సిన ముడిని పాత ఎద్దు వైపు కాస్త జరిపి కట్టేవాడు. ముడి ఎటు దగ్గరైతే బరువు అటు పడుతుంది. కోడెకి కాడి మెడ మీద ఉన్నట్టే ఉంటుంది, నడక నేర్చుకుంటుంది, బరువు మాత్రం పాతది మోస్తుంది. కోడెకి మెడ గట్టిపడే కొద్దీ ముడిని వేలెడు, వేలెడు నడుమకి జరిపేవాడు. కోడెకి ఆ సంగతి తెలుసా తాతా అని అడిగితే, పాతదానికి తెలుసులే అనేవాడు. ఆ రోజు బల్ల మీద యాభై రూపాయల నోటు చూస్తూ నేను ఆ మాటే తలుచుకున్నాను. అలాగని ఆయన నాకు స్నేహితుడని చెప్పగలనా? ఆయనతో కలిసి ఒక్కసారి కూడా టీ తాగలేదు. మా ఇంటి సంగతులు ఆయన ఎప్పుడూ అడగలేదు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాలనిపించేది మాత్రం టైపిస్టు గోంగూర పచ్చడి వల్లే. ఆ రెండూ నాకు కావలసినవే. ఒక మనిషిలోనే రెండూ దొరకాలని ఎందుకనుకుంటాం?

అమెరికాలో గాలప్ అనే సంస్థ ఉద్యోగుల్ని అడిగే పన్నెండు ప్రశ్నల్లో పదోది, పనిచేసేచోట నీకు ప్రాణస్నేహితుడు ఉన్నాడా అని. జీతం గురించీ, పై అధికారి గురించీ అడిగే కాగితంలో ఈ ప్రశ్న ఏమిటని మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత, అడగవలసిందే అనిపించింది. రోజులో తొమ్మిది గంటలు గడిపేచోట మనకంటూ ఒకరు లేకపోతే అన్నం కూడా సహించదు. అయితే ఉన్నాడా లేడా అన్నది ఒక ప్రశ్న, ఎలా దొరికాడన్నది వేరే ప్రశ్న. ఆ రెండో దాని కోసం, నిద్ర పట్టని ఆ రాత్రి, చిన్నయసూరి నీతిచంద్రిక తీశాను. 1853 నాటి పుస్తకం. మిత్రలాభంలో లేడి, కాకి, నక్కల కథ మనలో చాలామంది బళ్ళో చదువుకున్నదే. బలిసిన లేడిని చూసి నక్క తీపి మాటలతో స్నేహానికి వస్తుంది. ముందూ వెనకా తెలియనివాడితో చెలిమి కూడదని కాకి హెచ్చరిస్తుంది. అప్పుడు నక్క ఒక మాట అడుగుతుంది, ఈ లేడిని నువ్వు మొదటిసారి చూసిన రోజున నీ ముందూ వెనకా దానికి తెలుసా అని. ఆ నక్క తర్వాత లేడిని వలలో పడవేస్తుంది, నిజమే. కానీ ఆ ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. చెడ్డ నోటినుంచి వచ్చిన మంచి ప్రశ్న. తెలిసినవాళ్ళతోనే స్నేహం చేయమంటే కొత్తగా చేరినవాళ్ళు ఎవరితో చేయాలి? అసలు ఆ ఆఫీసులో ముందూ వెనకా తెలియనిది ఎవరు? పాతవాళ్ళు ఒకరికొకరు తెలుసు. తెలియని మనిషిని నేనే. నేను వాళ్ళని అనుమానంగా చూస్తూ కూర్చున్నాను గానీ, వాళ్ళకి నేను ఏమై కనిపిస్తున్నానో ఒక్క రోజూ ఆలోచించలేదు. మా క్యాషియరు గారికి నా నిజాయితీ తెలియదు, నా లెక్క తెలియదు. తెలియకుండానే ఆ మొదటి రోజు నా పేరు కింద సంతకం పెట్టారు.

పాతవాళ్ళే లేని చోట ఏం చేస్తారు? మా అన్నయ్య కొడుకు 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయంలో చేరాడు. రాష్ట్రమంతా లక్షకు పైగా కొత్త ఉద్యోగాలు. ఒక్కో ఊళ్ళో పదిమంది దాకా, అందరూ ఒకే వారంలో చేరినవాళ్ళు, సగం మందికి అది మొదటి ఉద్యోగం. ఎవరిని అడిగినా నాకూ తెలియదనే జవాబు. అందరూ కోడెలే. “అత్తా, మొదటి నెల మేమంతా కలిసి తప్పులు చేశాం. ఇప్పటికీ మేం పదిమందీ అంటే ప్రాణం” అన్నాడు వాడు. ఎవరి పగలూ ఎవరికీ ఇవ్వడానికి లేకపోవడం వాళ్ళ అదృష్టం. మెడ కొట్టుకుపోతున్నప్పుడు ముడి జరిపేవాళ్ళు లేకపోవడం వాళ్ళ కష్టం. వాడి మాట విని నాకు సంతోషమూ దిగులూ కలిసి వచ్చాయి.

ఇంకొకటి రాయాలి, రాయకపోతే ఇదంతా సగం నిజమే అవుతుంది. ఉద్యోగం చివరి ఏళ్ళలో, వేరే ఊరి బ్రాంచిలో, ఒక కొత్త అమ్మాయి మా సెక్షనులో చేరింది. మొదటి మధ్యాహ్నం నేనే వెళ్ళి ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని గిన్నె మూత తీశాను. ఒంటరిగా తింటుంటే చూడలేకపోయాను, అంతే. తింటూ ఏవేవో చెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. వారం తర్వాత ఒక రోజు ఆ అమ్మాయి ఫైలు పట్టుకుని, దగ్గరి దారి వదిలేసి, ఒకాయన బల్ల తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళడం చూశాను. ఆయనతో నాకు బదిలీ విషయంలో పాత గొడవ ఉంది. ఆ అమ్మాయికి ఆయనతో ఏ గొడవా లేదు. ఆయన ఆ సెక్షనులో అందరికంటే పని తెలిసిన మనిషి. నాకు గుండెలో కలుక్కుమంది. ఎన్నో ఏళ్ళ కిందటి ఆ గోంగూర పచ్చడి గిన్నె ఇప్పుడు నా చేతిలో ఉంది. మర్నాడు ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, “ఈ అమ్మాయికి రుణాల రిజిస్టరు కాస్త మీరు నేర్పండి” అన్నాను. ఏళ్ళ తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. ఆయన కుర్చీ జరిపారు. ఆ అమ్మాయి కూర్చుంది. నా వల్ల పోయిన ఆ వారం రోజుల్ని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మూడో రోజు పొద్దున చేలో ఆ సుగ్గి పిల్ల నీళ్ళ బిందె దగ్గరికి వస్తే ఆపి అడిగాను. మొదటి రోజు ఆవిడ అంత ప్రేమగా పిలిస్తే వెళ్ళకుండా, మాటా పలుకూ లేని ఆ మనిషి పక్కకి ఎందుకు పోయావమ్మా అని. పిల్ల చేతిలో చెంబు అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది. మిరప ఘాటుకి వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. “ముందు దినం పక్క చేనులో కోసినాం కదమ్మా. నేను అందరికంటే ఎనక పడినా. ఎనక నుంచి అందరి సాళ్ళూ చూస్తా వచ్చినా. ఆయమ్మ సాలులో పండు కాయ ఒక్కటి మిగల్లేదు. పచ్చికాయ రాలలేదు. ఒక్క రెమ్మ ఇరగలేదు” అంది. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోను చేసి ఆ పిల్ల చెప్పిన మాటని చెప్పినట్టే చెప్పాను. క్యాషియరు గారి చీటీ సంగతి కూడా చెప్పాను, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. అది చాలాసేపు మాట్లాడలేదు. “మరి అన్నం ఎవరితో తినాలమ్మా?” అంది చివరికి. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. ఆ క్యాంటీను ఆమెతోనే తినమ్మా, ఆమె మంచిదే అన్నాను. ఆమె చెప్పే మనుషుల్ని నీ కళ్ళతో ఇంకోసారి చూడు అన్నాను. చూస్తాను అంది. ఎవరిని ఎంచుకుందో నేను అడగలేదు, అది చెప్పలేదు.

మర్నాడు ఎండ ఎక్కింది. అన్నాల వేళ దగ్గరపడుతోంది. మా దగ్గర రోజు కూలి కాబట్టి ఎవరి సాలు వాళ్ళు ముగించుకుని గట్టు మీద నీడన కూర్చుంటే అడిగేవాళ్ళు లేరు. ఒక్కొక్కరే బయటికి వచ్చి తలగుడ్డలు విప్పుకుంటున్నారు. కొత్త పిల్ల సాలు సగంలోనే ఉంది. ఆ సన్నటి మనిషి తన సాలు చివరిదాకా కోసి, సంచి కుప్ప మీద దులిపి, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గట్టు వైపు రాకుండా పక్క సాలులోకి తిరిగి, ఆ చివరి నుంచి ఎదురు కోసుకుంటూ రావడం మొదలుపెట్టింది. పిల్ల తలెత్తి చూసి, మళ్ళీ వంగింది. ఇద్దరి మధ్యా ఇంకా పాతిక మొక్కలున్నాయి.